ఈక్వేషన్‌లో ఉన్న అయోడిన్ రేట్‌లో ఎందుకు లేదు? కైనెటిక్స్ ల్యాబ్‌లో నా అనుభవం

ఇంటర్ సెకండియర్‌లో కెమికల్ కైనెటిక్స్, అంటే రసాయన చర్యల స్పీడ్ లెక్కల చాప్టర్, మా క్లాసులో అందరికీ ఇష్టమే, ఎందుకంటే మార్కులు తేలిగ్గా పడే చాప్టర్ అని సార్లు మొదటిరోజే చెప్పేశారు. హాఫ్ లైఫ్ (పదార్థం సగమవడానికి పట్టే టైమ్) ఇచ్చి కే (స్పీడ్‌ని గాఢతలతో ముడిపెట్టే రేట్ ఈక్వేషన్‌లోని స్థిరాంకం) అడిగితే 0.693 ని దాంతో భాగించెయ్, టేబుల్ ఇచ్చి ఆర్డర్ (ఒక పదార్థం గాఢత మారితే స్పీడ్ దాని ఎన్నో ఘాతంలో మారుతుందో చెప్పే అంకె) అడిగితే రెండు లైన్లు తీసుకుని ఒకదాన్ని ఇంకోదాంతో కొట్టెయ్, యూనిట్లలో మోల్, లీటరు కనపడకుండా సెకను ఒక్కటే ఉంటే ఫస్ట్ ఆర్డర్, అంతే సంగతి. ఆర్డర్‌కీ మాలిక్యులారిటీకీ (ఒక మెట్టులో ఢీకొనే అణువుల సంఖ్యకీ) తేడాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. ఆ టేబుల్‌లో నంబర్లు ఎవరు కొలిచారు, గ్లాసులో జరుగుతున్న చర్య స్పీడ్‌ని అసలు ఎలా కొలుస్తారు అని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, వీక్లీ టెస్టుల గోలలో అడిగే తీరిక ఎక్కడిది లెండి.

మొన్న మా పిన్నివాళ్లబ్బాయి ఫోన్ చేసి, అన్నయ్యా, అసిటోన్ అయోడిన్ రియాక్షన్‌లో అయోడిన్ కళ్లముందే ఖర్చయిపోతుంటే రేట్ ఈక్వేషన్‌లో దాని పేరే లేదేంటి, ప్రింటింగ్ మిస్టేకా అన్నాడు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. ఇదే ప్రశ్న బీఎస్సీలో నాకూ వచ్చింది, దానికి సమాధానం పుస్తకంలో కాదు, ల్యాబ్‌లో దొరికింది. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నా, పెద్దదే అవుద్ది, ఓపికుంటే చదవండి.

మా డిగ్రీ కాలేజీలో ఫిజికల్ కెమిస్ట్రీ ల్యాబ్ అంటే పొడవాటి గది, నాపరాళ్ల బల్లలు, ఒక మూల వాటర్ బాత్, ఇంకో మూల ఎప్పుడూ కారుతుండే సింకు. కైనెటిక్స్‌లో మొదటి ప్రయోగం మిథైల్ అసిటేట్ హైడ్రాలిసిస్. ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ బీఎస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లలో చాలామంది దీన్ని చేసే ఉంటారు. మిథైల్ అసిటేట్ అనే ఎస్టర్‌ని నీళ్లు విడగొడితే ఎసిటిక్ యాసిడ్, మిథనాల్ వస్తాయి. నీళ్లూ ఎస్టరూ ఊరికే కలిపి పెడితే ఏమీ జరగనట్టే ఉంటుంది, అంత నెమ్మది, అందుకని హెచ్‌సీఎల్‌లో (హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో) చేస్తాం. 100 మి.లీ. అర నార్మల్ (నార్మల్, మోలార్ అనేవి గాఢత కొలతలు) హెచ్‌సీఎల్‌లో 5 మి.లీ. ఎస్టర్ పోసి బాగా కలిపి మూత పెట్టాలి, ఆ తర్వాత పది నిమిషాలకోసారి 5 మి.లీ. పిపెట్‌తో తీసి ఐసు నీళ్లలో వదిలి, రంగు మారి చూపించే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలేసి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చెయ్యాలి, అంటే యాసిడ్ మొత్తానికి ఎంత క్షారం పడుతుందో బ్యూరెట్‌తో కొలవాలి. ఎస్టర్ విడిపోయేకొద్దీ ఎసిటిక్ యాసిడ్ పెరుగుతుంది కాబట్టి బ్యూరెట్ రీడింగూ పెరుగుతూ పోతుంది, ఆ పెరుగుదలే చర్య ఎంత నడిచిందో చెబుతుంది.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు తెలుస్తుంది, ఇది టైట్రేషన్ పరీక్ష కాదు, గడియారంతో పోటీ అని. పిపెట్‌లోంచి ద్రవం దిగడానికే కొన్ని సెకన్లు పడుతుంది కదా, మరి టైమ్ ఎప్పుడు రాసుకోవాలి? మా మేడమ్ చెప్పిన లెక్క, పిపెట్ సగం ఖాళీ అయిన క్షణం రాసుకోండి అని. ఐసు నీళ్లు ఎందుకంటే చల్లదనానికీ పలచబడటానికీ కలిపి చర్య దాదాపు ఆగిపోతుంది, లేకపోతే టైట్రేషన్ చేస్తున్నంతసేపూ ఎస్టర్ విడిపోతూనే ఉంటుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఎండ్ పాయింట్ దగ్గర, అంటే యాసిడ్ అయిపోయిన చోట, లేత గులాబీ రంగు వస్తుంది, కాసేపు చూస్తుంటే అది మెల్లగా మాయమైపోతుంది. మా బెంచ్‌లో ఉన్న నా ఫ్రెండ్ రంగు పోయింది కదరా అని ఇంకో చుక్క వేశాడు, అదీ పోయింది, మళ్లీ ఇంకో చుక్క. మేడమ్ వెనకనుంచి చూసి, "ఇలా వేసుకుంటూ పోతే సాయంత్రం దాకా వేస్తూనే ఉండాలి బాబూ, మిగిలిన ఎస్టర్‌ని ఇప్పుడు నీ క్షారమే తినేస్తోంది, మొదటిసారి నిలబడ్డ గులాబీ దగ్గర ఆపెయ్" అన్నారు. ఒకే ఎస్టర్, యాసిడ్‌లో ఒక దారిలో నెమ్మదిగా, క్షారంలో ఇంకో దారిలో చాలా స్పీడుగా విడిపోతుందన్నమాట. మెకానిజం అనే మాటకి అర్థం నాకు మొదటిసారి అక్కడే కాస్త తగిలింది, ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లామన్నదే కాదు, ఏ దారిన వెళ్లామన్నది కూడా ముఖ్యమే.

మా రీడింగులు 24 దగ్గర మొదలై గంట గడిచేసరికి 32 దాకా వచ్చాయి, ల్యాబ్ టెంపరేచర్ 30 పైన ఉంది ఆరోజు. ఇక అన్నిటికంటే తలనొప్పి వీ ఇన్ఫినిటీ, అంటే చర్య మొత్తం అయిపోయాక వచ్చే రీడింగ్. మిగిలిన ద్రవాన్ని వేడి చేస్తే త్వరగా అయిపోతుంది కదా అని పక్క బ్యాచ్ వాళ్లు వాటర్ బాత్‌లో పెట్టారు, కానీ మిథైల్ అసిటేట్ 57 డిగ్రీలకే మరిగిపోతుంది, మూత కాస్త వదులుగా ఉందంటే ఎస్టర్ గాల్లోకి పోతుంది. వాళ్ల వీ ఇన్ఫినిటీ తక్కువొచ్చి, సరళరేఖ రావాల్సిన గ్రాఫ్ చివర కిందికి వంగిపోయింది. మా మేడమ్ మమ్మల్ని గట్టిగా బిరడా బిగించి మర్నాటిదాకా వదిలెయ్యమన్నారు. మర్నాడు తీసి చూస్తే బ్యూరెట్‌లోని 50 మి.లీ. సరిపోలేదు, మళ్లీ నింపుకుని పూర్తి చేశాం. లెక్క కడితే కే నిమిషానికి 0.005 చుట్టుపక్కల వచ్చింది, లాగ్ గ్రాఫ్‌లో చుక్కలు దాదాపు ఒకే గీత మీద పడ్డాయి. ఆ గీత చూసి మాకు కలిగిన ఆనందం మాత్రం లెక్కకి అందదు.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. 0.25 నార్మల్ యాసిడ్‌తో చేసిన బ్యాచ్‌కి కే సుమారు సగమే వచ్చింది. యాసిడ్ ఈ చర్యలో ఖర్చవ్వదు, ఈక్వేషన్‌లో రెండు పక్కలా ఎక్కడా ఉండదు, అయినా అది సగమైతే స్పీడూ సగమైంది. ఇటు చూస్తే నీళ్లు ఈక్వేషన్‌లో దర్జాగా ఉన్నాయి, కానీ లీటరుకి 55 మోల్స్ ఉన్న నీళ్లలో అర మోల్ ఖర్చయితే తేడా ఏం తెలుస్తుంది, అందుకే అవి కనపడకుండా కే లోపలే దాక్కుంటాయి, సూడో ఫస్ట్ ఆర్డర్ అనేది అందుకే. ఇంటర్‌లో ఈ మాట వందసార్లు రాసుంటాను. బ్యూరెట్ పట్టుకుని చూశాక గానీ, ఆర్డర్ అనేది ఈక్వేషన్ చూసి చదివేది కాదు, కొలిచి తెలుసుకునేది అని ఎక్కలేదు.

ఇక్కడ చిన్న పిట్టకథ. చర్య స్పీడ్‌ని ఇలా లెక్కకట్టి సమీకరణంలో పెట్టిన తొలి మనిషిగా అందరూ చెప్పేది జర్మనీకి చెందిన విల్‌హెల్మీ పేరు, 1850లో. ఆయన తీసుకున్నది చక్కెర. యాసిడ్ కలిపిన చక్కెర నీళ్లు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంటే ధ్రువిత కాంతి (ఒకే తలంలో కంపించే కాంతి) తిరిగే కోణాన్ని గంటలకొద్దీ చూస్తూ కూర్చుని, ఏ క్షణంలోనైనా స్పీడ్ అప్పటికి మిగిలిన చక్కెరకి అనుపాతంలో ఉంటుందని తేల్చాడు, అంటే మనం ఇప్పుడు ఫస్ట్ ఆర్డర్ అనేది. చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లే లేరు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మాది అనకాపల్లి వైపు, ఆ చర్యతో మా పెదనాన్న ఏటా తగవు పడుతుంటాడు. చెరకు కొట్టి గానుగకి పట్టకుండా రెండ్రోజులు ఎండలో పడేస్తే చక్కెర విడిపోవడం మొదలవుతుంది, రసం పులుపెక్కితే ఇంకా జోరందుకుంటుంది, అలాంటి రసంతో వండిన బెల్లం దిమ్మ గట్టిపడదు, చెమ్మగిల్లి జారిపోతుంది. పెదనాన్న పెనంలో రసం కాగుతుండగా సున్నం తేట పోస్తాడు. ఎందుకు పెదనాన్నా అంటే "పులుపు ఇరగ్గొట్టకపోతే దిమ్మ నిలబడద్దేటిరా" అంటాడు. సున్నం యాసిడ్‌ని తగ్గిస్తుంది, యాసిడ్ తగ్గితే ఆ విడిపోయే చర్య నెమ్మదిస్తుంది. మురికి పైకి తేలడానికీ అది పనికొస్తుంది గానీ, ఉత్ప్రేరకాన్ని తగ్గించి రేట్ తగ్గించడం అన్నది మాత్రం మా గాడిపొయ్యి దగ్గర ఏ సిలబస్ లేకుండానే నడుస్తోంది.

సరే, అయోడిన్‌కి వద్దాం. ఇది ఆ తర్వాత సెమిస్టర్‌లో చేశాం, నాకు బాగా నచ్చిన ప్రయోగం, టైట్రేషన్ గొడవ లేదు, కళ్లతో చూసి స్టాప్‌వాచ్ నొక్కడమే. అసిటోన్, హెచ్‌సీఎల్, పొటాషియం అయొడైడ్‌లో కరిగించిన అయోడిన్, నీళ్లు. 4 మోలార్ అసిటోన్ 10 మి.లీ., 1 మోలార్ యాసిడ్ 10 మి.లీ., నీళ్లు 20 మి.లీ. కోనికల్‌లో పోసి కింద తెల్లకాగితం పెట్టి, చివర్లో 0.005 మోలార్ అయోడిన్ 10 మి.లీ. ఒక్కసారిగా పోసి వాచ్ నొక్కాలి. మొత్తం ఎప్పుడూ 50 మి.లీ.నే ఉండాలి, ఏదైనా పెంచితే ఆ మేరకు నీళ్లు తగ్గించాలి, అదొక్కటే నియమం. తేనె రంగు కాస్తా పసుపై, ఆ పసుపు పలచబడి, చివరికి నీళ్లలా అయిపోతుంది. మాకు రెండు నిమిషాలు దాటి కొద్ది సెకన్లు పట్టింది.

అసిటోన్ రెట్టింపు చేశాం, టైమ్ సగమైంది. బాగుంది. అసిటోన్ మామూలుగా పెట్టి యాసిడ్ రెట్టింపు చేశాం, మళ్లీ టైమ్ సగం. ఇదీ బాగానే ఉంది, పాత ప్రయోగంలో చూసిందే. అయోడిన్ రెట్టింపు చేస్తే టైమ్ రెట్టింపైంది! నా ఫ్రెండ్ వెంటనే, "ఒరేయ్, అయోడిన్ ఎక్కువేస్తే చర్య నెమ్మదిస్తోందిరా, ఆర్డర్ మైనస్ వన్" అని రాసేసుకోబోయాడు. నాకూ ఒక నిమిషం అలాగే అనిపించింది. ఆగి ఆలోచిస్తే అది కాదు. ఖర్చవ్వాల్సిన అయోడిన్ రెండింతలు, పట్టిన టైమ్ రెండింతలు, అంటే నిమిషానికి ఖర్చయ్యేది రెండిట్లోనూ అంతే. అయోడిన్ ఎంతున్నా చర్య స్పీడ్‌కి పట్టలేదు. జీరో ఆర్డర్.

రంగు పోయే తీరులో కూడా అది కనిపిస్తుంది, ఒకసారి గమనించండి. ఫస్ట్ ఆర్డర్ అయితే చివర్లో సాగుతుంది, ఉన్నదాంట్లో సగం, మళ్లీ దాంట్లో సగం అన్నట్టు తోక లాగుతుంది, రంగు ఎప్పుడు పోయిందో చెప్పడం కష్టం. ఇక్కడ అలా కాదు, ఒకే స్పీడులో తగ్గుతూ వచ్చి టక్కున ఆగిపోతుంది. కలరీమీటర్‌లో (రంగు చిక్కదనాన్ని కొలిచే పరికరంలో) పెట్టినవాళ్లకి లాగులూ గీగులూ ఏవీ లేకుండానే సరళరేఖ వచ్చింది.

అయితే అయోడిన్ లేకుండా అయోడో అసిటోన్ ఎలా వస్తుంది, అది చర్యలో ఉన్నట్టా లేనట్టా? మేడమ్‌ని అడిగితే బోర్డు దగ్గరికి కూడా వెళ్లలేదు, చేతిలో చాక్ పీసుతో బల్లమీదే గీసి చూపించారు. మొదట యాసిడ్‌లోని హైడ్రోజన్ అయాన్ అసిటోన్‌లోని ఆక్సిజన్‌కి అంటుకుంటుంది, అది చిటికెలో అయ్యే పని, వెనక్కీ చిటికెలో వస్తుంది. తర్వాత నీటి అణువు ఒకటి వచ్చి పక్కనున్న కార్బన్ మీద హైడ్రోజన్‌ని లాక్కుపోతుంది, అప్పుడు ఈనాల్ (అసిటోన్‌కే ఇంకో రూపం) తయారవుతుంది, ఇదే నత్తనడక. ఈనాల్ ఒక్కటి పుట్టిందంటే చాలు, అక్కడ కాచుకుని ఉన్న అయోడిన్ వెంటనే పట్టేసుకుంటుంది. "రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ దగ్గర జనం ఆగిపోతే, లోపల బియ్యం తూచేవాళ్లు ఇద్దరున్నా నలుగురున్నా లైన్ కదిలేది అంతే కదా, మీ అయోడిన్ ఆ తూచేవాడు" అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఆ చాప్టర్ తెరిచి చదవాల్సిన పని పడలేదు నాకు.

దీన్ని మొదట తేల్చింది ఆర్థర్ ల్యాప్‌వర్త్ అనే బ్రిటిష్ కెమిస్ట్, 1904లో, ఆయన బ్రోమిన్‌తో చేశాడు. ఈ లెక్క నిజమైతే బ్రోమిన్‌తో చేసినా అయోడిన్‌తో చేసినా స్పీడ్ ఒకటే ఉండాలి, ఎందుకంటే ఆలస్యం చేసే మెట్టులో ఇద్దరికీ చోటే లేదు. నిజంగానే ఒకటే ఉంటుంది. అసిటోన్‌లో హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెడితే చర్య బాగా నెమ్మదిస్తుంది, అంటే ఆ నత్తనడక మెట్టులో తెగేది కార్బన్ హైడ్రోజన్ బంధమేనని ఇంకో సాక్ష్యం. ఆ కాలంలో ఈనాల్‌ని ఎవరూ పట్టి చూపించలేదు, స్టాప్‌వాచ్ పట్టుకుని అణువు లోపల ఏం జరుగుతోందో చెప్పేశారు, నాకైతే కెమిస్ట్రీ మొత్తంలో ఇంతకంటే తెలివైన పని ఇంకోటి కనపడదు.

ఇంకో సరదా ఏంటంటే ఈ చర్యలో హెచ్‌ఐ (హైడ్రోజన్ అయొడైడ్) పుడుతుంది, అది యాసిడే, అంటే చర్య తన ఉత్ప్రేరకాన్ని తనే తయారుచేసుకుంటుంది. యాసిడ్ అసలు వెయ్యకుండా మొదలుపెడితే నీరసంగా మొదలై పోనుపోనూ ఊపందుకుంటుంది. మా ఫ్లాస్క్‌లో 0.2 మోలార్ యాసిడ్ ముందే ఉంది, అయోడిన్ 0.001 మోలారే, కొత్తగా పుట్టేది లెక్కలోకి రాదు, అందుకే గీత వంగకుండా వచ్చింది. చేసేవాళ్లకి ఒక మాట, అయోడో అసిటోన్ కళ్లకి మంట పుట్టిస్తుంది, కన్నీళ్లు ఆగవు. అయిపోయిన ఫ్లాస్కులు బల్లమీద వరసగా పేర్చి కబుర్లు చెప్పుకోకండి, ఫ్యూమ్ హుడ్ ఉంటే దాంట్లోనే చెయ్యండి, అసిటోన్ దగ్గర మంట అసలు వెలిగించొద్దు.

టెంపరేచర్ సంగతి. పది డిగ్రీలు పెరిగితే స్పీడ్ రెట్టింపు అని అందరం బట్టీ పట్టాం కదా. ఇదే అయోడిన్ ప్రయోగం డిసెంబర్లో పొద్దున్నే చేసిన బ్యాచ్‌కీ మాకూ పొంతనే లేదు, వాళ్లది 25 డిగ్రీల దగ్గర, నాలుగు నిమిషాలకి కాస్త అటూఇటూ, మాది 30 దగ్గర. ఐదు డిగ్రీల తేడాకే టైమ్ సగానికి దగ్గరైందంటే పది డిగ్రీలకి రెట్టింపు ఎలా సరిపోతుంది? ఈ చర్య యాక్టివేషన్ ఎనర్జీ (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి గట్టు) మోల్‌కి 86 కిలోజౌళ్ల దాకా ఉంటుంది, టెంపరేచర్‌తో కే ఎలా మారుతుందో చెప్పే అర్హీనియస్ సమీకరణంలో వేసి చూస్తే పది డిగ్రీలకి మూడు రెట్లు వస్తుంది. రెట్టింపు అనేది 50 కిలోజౌళ్ల పైచిలుకు ఉన్నవాటికి, మామూలు గది వేడి దగ్గర మాత్రమే సరిపోయే లెక్క. ఏసీ లేని ల్యాబ్‌లో పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం ముగిస్తే గదే నాలుగైదు డిగ్రీలు మారిపోతుంది, అందుకే ఆ తర్వాత ఫ్లాస్కులన్నీ నీళ్ల తొట్టిలో పెట్టి చేశాం. టెంపరేచర్ రాయని కే విలువని నేనిప్పుడు నమ్మను.

మరి మెకానిజం ఇదే అని రుజువైనట్టేనా అంటే, ఇక్కడ మా మేడమ్ చాలా జాగ్రత్తగా మాట్లాడేవారు. రేట్ లాకి (అంటే కొలిచి తేల్చిన రేట్ ఈక్వేషన్‌కి) సరిపడని మెకానిజాన్ని కొట్టెయ్యొచ్చు, సరిపడింది నిజమని మాత్రం చెప్పలేం, ఎందుకంటే ఒకే రేట్ లాకి రెండు మూడు దార్లు కుదరొచ్చు. ఆవిడ ఇచ్చే ఉదాహరణ హైడ్రోజన్, అయోడిన్ కలిసి హైడ్రోజన్ అయొడైడ్ అయ్యే చర్య. 1890లలో బోడెన్‌స్టైన్ కొలిచాడు, రేట్ లాలో హైడ్రోజన్ ఒకటి, అయోడిన్ ఒకటి, ఇంకేం, రెండు అణువులు ఢీకొని ఒక్క దెబ్బలో అయిపోతుందని డెబ్బై ఏళ్ల పాటు పుస్తకాల్లో అదే రాసుకున్నారు. 1967లో సల్లివన్ కాంతితో అయోడిన్ పరమాణువుల్ని పుట్టించి చూసి, చర్య ఆ పరమాణువుల మీదుగా నడుస్తోందని చూపించాడు. రేట్ లా మాత్రం ఒక్క అక్షరం మారలేదు, ఎందుకంటే ఆ దారిలో లెక్కేసినా అదే వస్తుంది. ఇంటర్‌లో ఈ చర్యనే బైమాలిక్యులర్‌కి (రెండు అణువులు ఢీకొని జరిగేదానికి) ఉదాహరణగా రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను, ఎవరికీ చెప్పకండి.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో స్టెబిలిటీ సెక్షన్‌లో చేస్తున్నా. పని పేరు పెద్దదే గానీ సారాంశం అదే, మందు ఎంత స్పీడుగా పాడవుతుందో కొలవడం. టాబ్లెట్లని 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు ఛాంబర్‌లో పెట్టి మధ్యమధ్యలో తీసి పరీక్షిస్తాం, మామూలు గదిలో ఏళ్లు పట్టేదాన్ని వేడితో తొందరపెట్టడం. మొదటివారంలో నాకు బాగా పరిచయమైన మొహం ఒకటి కనిపించింది, ఆస్పిరిన్. అదీ ఒక ఎస్టరే, తేమ తగిలితే విడిపోయి శాలిసిలిక్ యాసిడ్, ఎసిటిక్ యాసిడ్ అవుతుంది, పాత ఆస్పిరిన్ డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన కొట్టేది అందుకే. మిథైల్ అసిటేట్‌కి దూరపు చుట్టమన్నమాట. ఇంకా త్వరగా తేలుతుంది కదా, 80 డిగ్రీల్లో పెట్టేద్దామా అని కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. అంత వేడిలో టాబ్లెట్‌లో ఏదో ఒకటి కరిగిపోవచ్చు, మామూలు వేడిలో అసలు జరగని ఇంకో చర్య ముందుకు రావచ్చు, అప్పుడు దారే మారిపోతుంది కాబట్టి ఆ కే నుంచి గీత గీసి 30 డిగ్రీలకి తెస్తే వచ్చే నంబర్‌కి అర్థం ఉండదు. అందుకే 40 దగ్గరే ఆగి, ఆరు నెలలూ కూర్చుంటాం.